నల్లగొండ, పాలమూరు (మహబూబ్‌నగర్)లో మొదటి కిరాయి ఇల్లు: టోకెన్ ఇచ్చే ముందు, ఇచ్చాక

కిరాయి ఇంటి విషయంలో టోకెన్ డబ్బులు, అంటే ఇల్లు ఖాయం చేసుకోవడానికి ముందుగా ఇచ్చేవి, చేతిలో పెట్టేదాకానే మన మాటకు బలం. అప్పటిదాకా "ఆ నల్లా మార్పిస్తం, ఆ గోడకు సున్నం వేయిస్తం" అనే ఓనరు, టోకెన్ ముట్టగానే "ముందున్నోళ్లు అట్లనే ఉన్నరు కదా" అంటాడు. కొత్త సున్నం మెరుపు చూసి రెండు వేలు అక్కడికక్కడే ఇచ్చేసినవాళ్లకు బోరు నీళ్ల సంగతి, కలిపి ఉన్న మీటరు సంగతి మొదటి నెల బిల్లుతోగానీ తెలియదు. అందుకే ఇక్కడ రాసినదాంట్లో ఎక్కువ భాగం టోకెన్‌కు ముందు చేయాల్సిన పనే.

చేతిలో ఎంత ఉండాలి

కిరాయి నెల ఆదాయంలో మూడో వంతు దాటకూడదు. నాలుగో వంతులో ఉంటే నిమ్మళం. అసలు బరువు మొదటి నెలలో పడుతుంది. కిరాయి 8,000 అనుకుందాం. రెండు నెలల అడ్వాన్స్ 16,000, మొదటి నెల కిరాయి 8,000, బ్రోకర్ ద్వారా వెళితే సగం నెల కమీషన్ 4,000. ఇవే 28,000. టాటా ఏస్ బండి, హమాలీలు, స్టాంపు కాగితం, నోటరీ ఖర్చులు వేరే. మన పట్టణాల్లో చాలా పోర్షన్లకు స్లాబుకు హుక్కు తప్ప ఫ్యాను ఉండదు, ట్యూబ్‌లైటూ ఉండదు. అవి కిరాయిదారే తెచ్చుకోవాలి. అన్నీ కలిపి కిరాయికి నాలుగున్నర రెట్లు, అంటే ఈ లెక్కన 36,000 దగ్గర పెట్టుకుని ఇల్లు వెతకడం మొదలుపెట్టండి. అపార్ట్‌మెంట్ అయితే లిఫ్టు, వాచ్‌మన్, బోరు మోటరు కోసం నెలనెలా మెయింటెనెన్స్ ఉంటుంది. కిరాయి ఎంత అని అడిగినప్పుడే అది కిరాయిలో కలిసి ఉందా, విడిగా కట్టాలా అని కూడా అడగాలి.

ఏ నెలలో వెతకాలి

తెలంగాణలో బడులు జూన్ 12న తెరుస్తారు కాబట్టి మే ఆఖరు నుంచే పిల్లలున్న కుటుంబాలు ఇళ్ల మీద పడతాయి. అప్పుడు బేరం నడవదు. ఆషాఢంలోనూ పుష్యంలోనూ చాలామంది ఇల్లు మారరు. ఆ నెలల్లో ఖాళీగా ఉన్న ఇంటి ఓనరుకు రోజులు గడిచేకొద్దీ కిరాయి నష్టం. ఆ పట్టింపు లేనివాళ్లకు బేరమాడటానికి ఇంతకంటే మంచి సమయం దొరకదు. పట్టింపు ఉన్నవాళ్లకూ ఒక దారి ఉంది. ఆషాఢంలోనే ఇల్లు మాట్లాడుకుని, కిరాయి శ్రావణం మొదటి వారంలో ఫలానా తేదీ నుంచి మొదలవుతుందని రాయించుకోవచ్చు. మంచిరోజు చూసి ముందుగా పాలు పొంగించి, సామాను తర్వాత తెచ్చేవాళ్లు మాత్రం జాగ్రత్త. చాలామంది ఓనర్లు పాలు పొంగించిన రోజు నుంచే కిరాయి లెక్కిస్తారు. ఆ తేదీ ముందే తేల్చుకోండి.

ఏ వైపు చూడాలి

పని ఎక్కడో అటువైపే ఇల్లు. నల్లగొండలో మహాత్మాగాంధీ యూనివర్సిటీలో పనో చదువో అయితే హైదరాబాద్ రోడ్డు వైపు వెతకాలి. రామగిరి, ప్రకాశంబజార్, క్లాక్ టవర్ చుట్టుపక్కల అన్నీ నడిచే దూరంలో దొరుకుతాయిగానీ బండి పెట్టుకునే జాగా కష్టం. పాలమూరులో యూనివర్సిటీ బండమీదిపల్లి దగ్గర రాయచూర్ రోడ్డులో ఉంది. జడ్చర్ల పక్కన పోలేపల్లి సెజ్ (ప్రత్యేక ఆర్థిక మండలి) కంపెనీల్లో షిఫ్టులు చేసేవాళ్లకు ఊరికి అవతలి కొసన ఇల్లు దొరికితే రోజూ పట్టణం మొత్తం దాటాల్సి వస్తుంది. వాళ్లకు జడ్చర్ల గానీ, పాలమూరులో ఏనుగొండ, మెట్టుగడ్డ వైపు గానీ అనుకూలం. దామరచర్ల విద్యుత్ ప్లాంటులో పనిచేసేవాళ్లు నల్లగొండ కాకుండా మిర్యాలగూడలో చూసుకోవాలి.

మహిళలకు 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. కాబట్టి బస్టాపుకు పది నిమిషాల నడకలో ఉన్న ఇంటికి వెయ్యి రూపాయలు ఎక్కువ కిరాయి ఇచ్చినా పెట్రోలు మిగులుతుంది. ఈ లెక్క కాగితం మీద వేసి చూసుకోండి.

నచ్చిన ఇంటిని ఒక్కసారి చూసి ఖాయం చేయకండి. పొద్దున ఆరు గంటలకు ఒకసారి, నల్లా వచ్చే వేళ. రాత్రి తొమ్మిదికి ఇంకోసారి, వీధి దీపాలు, కుక్కలు, పక్కనే ఉన్న ఫంక్షన్ హాలు చప్పుడు తెలియడానికి. వానాకాలం సంగతి గల్లీలో ఉన్న కిరాణా కొట్టతన్ని అడిగితే ఉన్నదున్నట్టు చెబుతాడు. మహబూబ్‌నగర్‌లో పెద్దచెరువు దిగువన, రామయ్యబౌలి వైపు పెద్ద వానలకు ఇళ్లలోకి నీళ్లొచ్చిన సందర్భాలున్నాయి. అటు గ్రౌండ్ ఫ్లోర్ చూస్తుంటే గోడల అడుగున, తలుపు చెక్కల అడుగున మోకాలి ఎత్తులో నీటి చార ఉందేమో చూడండి.

నీళ్లు: అన్నిటికంటే ముందు

దక్షిణ తెలంగాణలో కిరాయి ఇంటి మంచిచెడ్డలు నీళ్లతోనే తేలతాయి. ఇంట్లోకి నీళ్లు రెండు మూడు దారుల్లో వస్తాయి: నల్లా, బోరు, ట్యాంకర్. "నీళ్లకు ఇబ్బంది లేదు" అంటే ఏ నీళ్లకు అని అడగాలి. వంటగది నల్లాలో ఏవి వస్తాయి, బాత్‌రూముకు ఏవి వెళ్తాయి, రెండూ ఒకే ట్యాంకులో కలుస్తాయా? చాలా ఇళ్లలో మున్సిపల్ నల్లా నీళ్లు సంపులో పడతాయి, బోరు నీళ్లూ అదే సంపులో పడతాయి. అలా కలిస్తే ఆ నీళ్లను బోరు నీళ్లుగానే లెక్కవేసుకోండి.

ఇది నల్లగొండ జిల్లాలో ఎందుకంత ముఖ్యమో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. మర్రిగూడ, చండూరు, మునుగోడు వైపు బోరు నీళ్ల ఫ్లోరైడ్ ఎన్ని తరాల ఎముకలను వంచిందో అందరూ చూశారు. 2015లో చౌటుప్పల్‌లో పైలాన్ వేసి మొదలుపెట్టిన మంచినీళ్ల పథకం మిషన్ భగీరథ వల్ల శుద్ధి చేసిన కృష్ణా నీళ్లు నల్లాల్లోకి వస్తున్నాయి. తాగడానికి, వండటానికి అవే వాడాలి. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలని భారత ప్రమాణం. వేరే నీళ్లు దొరకని చోట 1.5 వరకు. ఫ్లోరైడ్‌కు రంగు, రుచి, వాసన ఏమీ ఉండవు. తియ్యగా ఉన్న బోరు నీళ్లలోనూ ఉండొచ్చు.

ఇక్కడ మూడు పొరపాట్లు మళ్లీ మళ్లీ జరుగుతాయి. మొదటిది, మరిగిస్తే పోతుందనుకోవడం. మరిగిస్తే నీరు ఆవిరై ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. రెండోది, క్యాండిల్ ఫిల్టరుతోనో యూవీ యంత్రంతోనో సరిపెట్టుకోవడం. అవి మురికినీ క్రిములనూ ఆపుతాయి, ఫ్లోరైడ్‌ను కాదు. ఆర్‌ఓ తగ్గిస్తుంది. మూడోది టీడీఎస్ మీటరును నమ్మడం. అది నీళ్లలో కరిగిన లవణాలన్నిటినీ కలిపి ఒక అంకె చూపిస్తుంది, అందులో ఫ్లోరైడ్ ఎంతో చెప్పదు. బోరు నీళ్లే గతి అయిన ఇల్లు తీసుకోవాల్సి వస్తే ఒక లీటరు శుభ్రమైన సీసాలో పట్టి నీటి పరీక్ష ల్యాబ్‌లో చూపించండి. ఫలితం వచ్చాకే టోకెన్.

ఉప్పు నీళ్లు కంటికే కనబడతాయి. నల్లా మూతుల చుట్టూ తెల్లటి గార, బకెట్ అడుగున తెల్లపొర, షవర్ రంధ్రాలు సగం మూసుకుపోయి ఉండటం, సబ్బు నురగ రాకపోవడం. అలాంటి నీళ్లు గీజరు కాయిల్‌ను త్వరగా తినేస్తాయి. గీజరు ఓనరుది అయితే బాగుచేయించేది ఎవరో అగ్రిమెంటులో ఉండాలి.

ఇక ఎన్ని నీళ్లు? పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు అన్నది ప్రభుత్వ ప్రణాళికల్లో వాడే లెక్క. నాలుగు పోర్షన్ల ఇంట్లో 14 మంది ఉంటే దాదాపు 1,900 లీటర్లు కావాలి. పైన 1,000 లీటర్ల ట్యాంకు ఒక్కటే ఉంటే మోటరు రోజుకు రెండుసార్లు వేయాలి. ఆ మోటరు స్విచ్ ఎవరి చేతిలో ఉంది? ఓనరు ఇంట్లో ఉండి, వాళ్లు పెళ్లికి వెళ్లి తాళం వేస్తే ఏం చేయాలి? ఇది చిన్న విషయంలా కనిపించినా కిరాయిదార్ల గొడవల్లో సగం దీని దగ్గరే పుడతాయి. అన్ని నల్లాలూ విప్పి చూడండి. 15 లీటర్ల బకెట్ ఒకటిన్నర నిమిషంలో నిండితే బాగున్నట్టు. మూడు నిమిషాలు దాటితే పైపులో గార పట్టిందనో, ట్యాంకు ఎత్తు చాలదనో అర్థం. పైఅంతస్తు ఇళ్లలో ఇది ఎక్కువ. ఎండాకాలంలో బోరు ఎండుతుందా అని ఓనరును కాదు, పక్కింటి కిరాయిదారును అడగండి. ఎండితే ట్యాంకర్ డబ్బులు ఎవరు పెట్టుకుంటారన్నది ఆ వెంటనే తేల్చుకోవాల్సిన ప్రశ్న.

కరెంటు మీటరు విడిగా ఉందా

మీ పోర్షన్‌కు సొంత మీటరు ఉండాలి. ఎందుకో లెక్కలో చూడండి. రెండు కుటుంబాలు, ఒక్కొక్కటి నెలకు 150 యూనిట్లు వాడతాయి. విడి మీటర్లయితే మొదటి 100 యూనిట్లకు 3.40 చొప్పున 340, తర్వాతి 50కి 4.80 చొప్పున 240, మొత్తం 580. రెండు ఇళ్లకు 1,160. అదే ఒక్క మీటరు మీద 300 యూనిట్లు పడితే మొదటి 200 యూనిట్లకే 5.10 చొప్పున 1,020, మిగతా 100కి 7.70 చొప్పున 770, మొత్తం 1,790. స్థిర ఛార్జీలు కలపకుండానే 630 రూపాయలు తేడా. 200 దాటగానే మొదటి యూనిట్ నుంచే రేటు మారిపోవడమే దీనికి కారణం.

ప్రభుత్వ ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి ఉన్నవాళ్లకు నష్టం ఇంకా పెద్దది. తెల్ల రేషన్ కార్డు ఉన్న కిరాయిదార్లకూ 200 యూనిట్ల వరకు ఉచిత కరెంటు వర్తిస్తుంది. నెలలో 200 దాటితే మాత్రం ఆ నెల బిల్లు మొత్తం కట్టాలి. కలిపి ఉన్న మీటరులో ఈ ప్రయోజనం దాదాపు దక్కదు. ఇల్లు ఖాయం చేసేముందు ఆ సర్వీసు నంబరుకు పాత కిరాయిదారు రేషన్ కార్డు ఇంకా జతచేసి ఉందా అని అడగండి. ఉంటే తీయించాకే మీది ఎక్కుతుంది. మీటరుపై పాత బకాయి ఉన్నా అడ్డే.

సబ్‌మీటరు పెట్టి "యూనిట్‌కు పది రూపాయలు" అనే ఓనర్లూ ఉన్నారు. మర్యాదగానే అడగండి: "సార్, నెల బిల్లు చూపిస్తే యూనిట్ల లెక్కన మా వాటా ఇస్తం." ఒప్పుకోకపోతే ఆ తేడాను కిరాయిలో కలిపి అసలు కిరాయి ఎంతో చూసుకోండి.

లోపల స్విచ్చులన్నీ వేసి చూడండి. గీజరు, ఏసీ పెట్టే చోట పెద్ద మూడు పిన్నుల 16 ఆంపియర్ల ప్లగ్గు ఉండాలి. చిన్న ప్లగ్గుకు అడాప్టర్ తగిలించి గీజరు నడిపితే వైరు కాలుతుంది. ఎర్తింగ్ ఉందో లేదో తేల్చుకోవడానికి తెలిసిన ఎలక్ట్రీషియన్‌ను పది నిమిషాలు తీసుకెళ్లండి. తడి చేతులతో గీజరు దగ్గర నిలబడేది మీ ఇంట్లోవాళ్లే.

ఇంటి లోపల

నల్లగొండలో, పాలమూరులో ఏప్రిల్, మే నెలల్లో 43, 44 డిగ్రీలు మామూలే. స్లాబు మీద నేరుగా ఎండ పడే పైఅంతస్తు, పెంట్‌హౌస్ గది కిరాయి తక్కువ ఉండటానికి కారణం అదే. సాయంత్రం నాలుగున్నరకు వెళ్లి పడమటి గోడ మీద చెయ్యి పెట్టండి. చెయ్యి నిలవకపోతే పడక గది అటువైపు ఉండకూడదు. పైఅంతస్తే తీసుకుంటే స్లాబు మీద తెల్లటి కూల్ పెయింట్ వేయించమని టోకెన్‌కు ముందే అడగండి.

స్లాబు మూలల్లో పసుపు మరకలు, పెచ్చులు లేచిన చోట తుప్పు రంగు కనిపిస్తే కొత్త సున్నం దాన్ని దాచలేదు. చెమ్మ లోపలే ఉంది. బాత్‌రూములో బకెట్ నీళ్లు గుమ్మరించి అవి మోరీ వైపు పోతున్నాయా, తలుపు వైపు వస్తున్నాయా చూడండి. వంటగదిలో గ్యాస్ పొయ్యి పెట్టే గట్టుకు గాలి తగిలే కిటికీ ఉండాలి. కోతుల బెడద ఉన్న కాలనీల్లో బాల్కనీకి గ్రిల్ లేకపోతే బట్టలు కూడా ఆరేసుకోలేరు. సెప్టిక్ ట్యాంకు ఉన్న ఇల్లయితే అది నిండితే తీయించే ఖర్చు ఎవరిదో అడగండి. తాండూరు బండలు చల్లగా ఉంటాయి, అరిగినా పట్టింపు లేదు. టైల్స్ పగిలి ఉంటే ఫొటో తీసుకోండి, ఖాళీ చేసేటప్పుడు ఆ పగుళ్లు మీ లెక్కలో పడకుండా.

ఇల్లు ఎవరిది, డబ్బు ఎవరికి

ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు చూపించమనండి. రెండింటిలో పేరు మాట్లాడుతున్న మనిషిదో, వాళ్ల నాన్నదో, భార్యదో తెలియాలి. వేరే పేరుంటే కిరాయి తీసుకునే హక్కు ఆ మనిషికి ఎలా వచ్చిందో అడగడం తప్పు కాదు. అన్నదమ్ముల పంచాయితీలో ఉన్న ఇల్లయితే అడ్వాన్స్ ఒకరికి ఇచ్చి, తిరిగి ఇంకొకరిని అడగాల్సి వస్తుంది.

ఫోన్‌లో ఫొటోలు పంపి, "సైన్యంలో ఉన్నాను, ట్రాన్స్‌ఫర్ అయింది, టోకెన్ పంపితే తాళం వస్తుంది" అనేవాళ్లు మోసగాళ్లే. ఇల్లు కళ్లారా చూడకుండా ఒక్క రూపాయి పంపకండి. డబ్బు రావడానికి క్యూఆర్ కోడ్ స్కాన్ చేయాల్సిన పని ఎప్పుడూ ఉండదు. పంపేసి ఉంటే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత త్వరగా చేస్తే అంత మంచిది.

"ఫ్యామిలీయా, బ్యాచిలర్సా? ఎంతమంది ఉంటరు? నీసు వండుతరా?" అనే ప్రశ్నలు తప్పక వస్తాయి. "మీరేమిటోళ్లు?" అన్నదీ వస్తుంది. కులం అడిగి ఇల్లు లేదనడం అన్యాయం, అది ఇప్పటికీ జరుగుతోంది. ఎవరికీ జవాబు బాకీ లేరు. ఆ ప్రశ్న మీదే నిలబడిన ఓనరుకు టోకెన్ ఇవ్వకపోవడం మేలు. తర్వాత తెలిసి సతాయించేది వాళ్లే. వంట, చుట్టాల రాకపోకలు, రాత్రి షిఫ్టు నుంచి వచ్చే వేళ మాత్రం దాచకుండా ముందే చెప్పండి.

అగ్రిమెంటు

పదకొండు నెలలకే ఎందుకు రాస్తారో తెలుసుకోవాలి. 1908 రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ అసలు పాఠం ప్రకారం ఏడాది దాటిన లీజు రిజిస్టర్ కావాలి. కాకపోతే ఆ కాగితం షరతులకు సాక్ష్యంగా నిలవదు. అందుకే స్టాంపు కాగితం మీద 11 నెలలకు రాసి, నోటరీ చేయించే వాడుక వచ్చింది. అయితే ఉమ్మడి రాష్ట్రంలో 1999లో చేసిన సవరణ ప్రకారం ఇక్కడ ఏ గడువు లీజైనా రిజిస్టర్ కావాలి. జిరాక్స్ సెంటర్లో దొరికే అచ్చు నమూనా మీద సంతకం పెట్టేయకండి. ఇవి అందులో ఉన్నాయా చూడండి:

1. ఇంటి నంబరు, ఏ అంతస్తు, ఏ పోర్షన్, బండి పెట్టే జాగా, డాబా మీద బట్టలు ఆరేసే హక్కు.
2. కిరాయి మొదలయ్యే తేదీ, నెలలో కట్టాల్సిన తేదీ, 11 నెలల తర్వాత పెంపు ఎంత శాతం. "అప్పటి రేటు ప్రకారం" అని రాస్తే ఒప్పుకోకండి.
3. అడ్వాన్స్ ఎంత, ఖాళీ చేసిన ఎన్ని రోజుల్లో తిరిగిస్తారు. రెండు నెలలు న్యాయం. కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం కూడా నివాస గృహాలకు అంతకు మించొద్దంటుంది.
4. సున్నం ఖర్చు. ఖాళీ చేసేటప్పుడు నెల కిరాయి కోసుకునే అలవాటు చాలా చోట్ల ఉంది. మీరు వచ్చేటప్పుడు కొత్తగా వేయించకపోతే ఆ షరతు కొట్టేయించండి.
5. మోటరు, పైపులు, స్లాబు కారడం ఓనరువి. నల్లా వాషర్లు, బల్బులు మీవి.
6. ఇద్దరికీ వర్తించే ఒక నెల నోటీసు. ఏమీ రాసుకోకపోతే, నెలవారీ కిరాయికి 1882 ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ కింద 15 రోజుల నోటీసు సరిపోతుంది. సామాను సర్దుకుని ఇంకో ఇల్లు వెతకడానికి అది చాలదు.

ఇద్దరు సాక్షుల సంతకాలు, రెండు అసలు ప్రతులు, ఒకటి మీ దగ్గర. ఆధార్ జిరాక్స్ ఇచ్చేటప్పుడు చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇచ్చి, దానిమీద అడ్డంగా "కిరాయి ఇంటి కోసం మాత్రమే" అని, తేదీ రాయండి.

అడ్వాన్స్ ఫోన్‌పేలోనో బ్యాంకులోనో పంపి, వివరంలో "అడ్వాన్స్" అని రాయండి. నగదుగా ఇస్తే రసీదు తీసుకోండి. 5,000 దాటిన నగదు రసీదుకు రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించాలి. ఉద్యోగులు ఇంటి అద్దె భత్యానికి పన్ను మినహాయింపు కోరేటట్టయితే, ఏడాది కిరాయి లక్ష దాటినప్పుడు ఓనరు పాన్ నంబరు ఇవ్వాలి. ఇస్తారా అని ముందే అడగండి. మార్చిలో అడిగితే చాలామంది ముఖం తిప్పుకుంటారు.

తాళం తీసుకున్న రోజు

సామాను దించకముందే గదిగదికీ తిరిగి వీడియో తీయండి. మీటరు రీడింగ్, గోడల మరకలు, పగిలిన టైల్స్, తలుపు గొళ్లేలు అన్నీ అందులో పడాలి. ఓనరు వస్తువులు ఎన్నో, తాళం చెవులు ఎన్ని జతలో కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. ఆ వీడియోను ఓనరుకు వాట్సాప్‌లో అదే రోజు పంపితే తేదీతో సహా రుజువు మిగులుతుంది. పాత కిరాయిదారు చెవి ఎవరి దగ్గర ఉందో తెలియదు కాబట్టి ముందు తలుపుకు మీ సొంత తాళం వేయండి.

ఖాళీ చేసేటప్పుడు

నోటీసు మాటతో చెప్పి, అదే వాట్సాప్‌లోనూ పంపండి. "ఆఖరి రెండు నెలల కిరాయి అడ్వాన్స్‌లో కోసుకోండి" అన్నది చాలామంది వాడే దారి. అగ్రిమెంటు అందుకు ఒప్పుకోకపోతే దానివల్ల గొడవే వస్తుంది, కాబట్టి ముందే అడిగి ఒప్పించుకోండి. చివరి కరెంటు బిల్లు కట్టి రసీదు ఫొటో పంపండి. గృహజ్యోతి జత చేసుకుని ఉంటే ఆ సర్వీసు నంబరు నుంచి తీయించుకోండి, కొత్త ఇంట్లో కావాలి కదా. కోర్టు ఉత్తర్వు లేకుండా సామాను బయట పడేసే హక్కు ఏ ఓనరుకూ లేదు.

అడ్వాన్స్ తిరిగివ్వకపోతే ముందు తేదీ గడువుతో ఒక ఉత్తరం స్పీడ్ పోస్టులో పంపండి. అప్పటికీ కదలకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థలో, కేసు వేయకముందే రాజీ కోసం దరఖాస్తు పెట్టవచ్చు. నల్లగొండలో, మహబూబ్‌నగర్‌లో అది జిల్లా కోర్టు ఆవరణలోనే ఉంది. ఫోన్‌లో వివరాలకు 15100. అగ్రిమెంటు, డబ్బు పంపిన వివరాలు, మొదటి రోజు వీడియో, నోటీసు మెసేజ్‌లు తీసుకెళ్లండి.